అలన్ వైట్ గొప్పతనం ఎక్కడ ఉంది: ఇతరుల ఆల్బమ్‌లలోనా, యెస్ బృందంలోనా?

పాతరికార్డు:

గత వారం ఇదే వేదికలో బ్రిటిష్ రాక్ బృందం యెస్ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, 1972లో డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వెళ్ళిపోయి అలన్ వైట్ వచ్చిన నాటి నుంచి ఆ బృందం లయ మొద్దుబారిందని ఒక మిత్రులు రాశారు. ఆ మాటతో నేను సగం మాత్రమే ఏకీభవిస్తాను. వైట్ సామాన్యమైన డ్రమ్మర్ కారు. అయితే ఆయన నిజంగా గొప్పగా వాయించిన రికార్డులు యెస్‌లో చేరక ముందు, పిలిచిన వారి దగ్గరికల్లా వెళ్ళి వాయించిన ఆ మూడేళ్ళలోవేనని నా దృఢాభిప్రాయం. దీని మీద అందరి మాటా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1969 సెప్టెంబరులో ఆయనకు ఇరవయ్యేళ్ళు. బీటిల్స్‌కు చెందిన జాన్ లెనన్ ఫోన్ చేసి టొరాంటో కచేరీకి రమ్మంటే, ఎవరో ఆటపట్టిస్తున్నారని అనుకున్నారట. ఆ తరువాత విమానంలో ముందు సీటు వెనక కర్రలతో దరువు వేస్తూ పాటలు సాధన చేసి, సెప్టెంబరు 13న వర్సిటీ స్టేడియంలో లెనన్, యోకో ఓనో, ఎరిక్ క్లాప్టన్, క్లావుస్ ఫోర్మన్‌లతో కలిసి వేదిక ఎక్కారు. 'లైవ్ పీస్ ఇన్ టొరాంటో 1969' ఆల్బమ్ ఆ కచేరీయే. ఆ మరుసటి జనవరి 27న 'ఇన్‌స్టంట్ కర్మ' రికార్డు చేశారు. లెనన్ ఆ పాట రాసిందీ, స్టూడియోలో పాడిందీ ఒకే రోజు. పది రోజులకల్లా అది బ్రిటన్ దుకాణాల్లోకి వచ్చేసింది. ఆ ఏడాది చివర జార్జ్ హారిసన్ మూడు రికార్డుల 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్', 1971లో లెనన్ 'ఇమాజిన్' వచ్చాయి.

'ఇమాజిన్' పాటనే తీసుకోండి. మొదటి చరణం పూర్తయ్యేదాకా పియానో, గొంతు తప్ప మరేమీ వినిపించవు. రెండో చరణం దగ్గర వైట్ వస్తారు, కానీ వచ్చినట్టు తెలియనివ్వరు. అంతవరకూ ఒంటరిగా నడుస్తున్న మనిషి పక్కన ఎవరో మాట్లాడకుండా నడక కలిపినట్టు ఉంటుంది. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రవాడికి, అందులోనూ లెనన్ పక్కన కూర్చుని, తన విద్య చూపించుకోవాలన్న తొందర లేకపోవడం ఎంత అరుదో చూడండి. మన కచేరీ భాషలో చెప్పాలంటే ఇది నిఖార్సయిన పక్కవాద్యం. యెస్‌లో ఆయన చేసింది ఇరవై నిమిషాల పాటల బరువు మోయడం. మోశారు, కాదనను. కానీ ఆ నిశ్శబ్దం మళ్ళీ నాకు వినిపించలేదు.

కంజీర:

పాతరికార్డు గారూ, మీరు 'ఇమాజిన్' గురించి రాసిన వాక్యాలు బాగున్నాయి. తేల్చిన తీర్పును మాత్రం ఒప్పుకోలేను. పక్కవాద్యంలో ఒదిగి ఉండడం ఒక విద్య అయితే, తని ఆవర్తనం (లయవాద్యం ఒక్కటే మోగే ఘట్టం) ఇచ్చినప్పుడు నిలబడడం మరో విద్య. ఆ రెండో పరీక్ష ఆయన రాసింది యెస్‌లోనే.

1974లో వచ్చిన 'రీలేయర్' ఆల్బమ్‌ను ఒక్కసారి తీరికగా వినమని మనవి. మొదటి వైపంతా ఒకే పాట, 'ద గేట్స్ ఆఫ్ డెలీరియమ్', దాదాపు ఇరవై రెండు నిమిషాలు. అందులో యుద్ధాన్ని వర్ణించే భాగం కోసం వైట్, గాయకుడు జాన్ ఆండర్సన్ కలిసి పాత ఇనుము దుకాణాల చుట్టూ తిరిగి, కార్ల విడిభాగాలు ఏరి తెచ్చి, వాటిని వేలాడదీసి కొట్టారు. ఆ భాగం వింటున్నప్పుడు ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు డ్రమ్స్‌లో కలిసిపోతుంది. ఎంత గందరగోళంగా ఉన్నా, కింద బేస్ డ్రమ్, క్రిస్ స్క్వయర్ బేస్ గిటార్ ఒకదాన్నొకటి వదలవు. ఆ పట్టు లేకపోతే అది సంగీతం కాదు, పాత్రల కొట్లో దొంగ పడ్డ చప్పుడు అవుతుంది. రెండో వైపు మొదటి పాట 'సౌండ్ చేజర్' వేగం చూడండి. అంత వేగంలోనూ ఒక్క దెబ్బ మరో దెబ్బ మీద పడదు.

లెనన్ పక్కన వాయించడానికి సంయమనం చాలు. 'రీలేయర్' వాయించడానికి సంయమనంతో పాటు సాహసం కూడా కావాలి.

బెజవాడ శ్రోత:

ఇద్దరి వాదనలోనూ రసం ఉంది కానీ, పాతరికార్డు గారి వాదనకు పునాది కొంచెం సరిచూసుకోవాలి. 'ఇమాజిన్' ఆల్బమ్ మొత్తం వైట్ వాయించినది కాదు. టైటిల్ పాట, 'గిమ్మీ సమ్ ట్రూత్', 'హౌ డూ యూ స్లీప్' ఆయనవి. 'జెలస్ గై'లో డ్రమ్స్ జిమ్ కెల్ట్నర్‌వి, 'ఇట్స్ సో హార్డ్'లో జిమ్ గార్డన్‌వి. 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' సంగతి ఇంకా చిక్కు. అందులో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్, గార్డన్, వైట్ ముగ్గురూ ఉన్నారు. ఏ పాటలో ఎవరి చెయ్యి అన్నది పాటవారీగా అట్ట మీద రాయలేదు, యాభై ఏళ్ళు దాటినా ఆ వివాదం తీరలేదు. ముఖ్యంగా 'మై స్వీట్ లార్డ్' ఎవరు వాయించారని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇది చిన్న విషయం కాదని నా మనవి. మద్రాసు స్టూడియోల్లో దశాబ్దాల పాటు మన సినిమా పాటలకు తబలా, డోలక్, డ్రమ్స్ వాయించిన వారి పేర్లు రికార్డు అట్టల మీద ఎన్ని కనిపిస్తాయి? పాట మనకు కంఠతా వస్తుంది, దానికి నడక ఇచ్చిన చేతులు ఎవరివో తెలియదు. పిలిచిన వారి రికార్డుకు వాయించి వెళ్ళే సెషన్ వాద్యకారుడి జీవితం ఎక్కడైనా ఇంతే. అందుకే ఒక కళాకారుడి గొప్పతనాన్ని, ఎవరు వాయించారో తేలని పాటల మీద నిలబెడితే అది గాలిలో దీపం. యెస్ ఆల్బమ్‌ల విషయంలో ఆ చిక్కు లేదు. 1973 నాటి 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రఫిక్ ఓషన్స్' నుంచి 2021 నాటి 'ద క్వెస్ట్' దాకా దాదాపు అన్నిటా ఆ డ్రమ్స్ పీట మీద కూర్చున్నది ఆయనే.

పాతరికార్డు:

బెజవాడ శ్రోత గారూ, సవరణకు కృతజ్ఞతలు. ఆల్బమ్ మొత్తాన్ని ఆయన ఖాతాలో వేసినట్టు రాయడం నా పొరపాటే. హారిసన్ ఆల్బమ్‌ను నా లెక్కలోంచి తీసేస్తాను. అయినా 'ఇన్‌స్టంట్ కర్మ' విషయంలో ఏ సందేహమూ లేదు కదా. దాని మీదే నిలబడతాను.

ఆ పాటలో డ్రమ్స్ శబ్దం ఆనాటి ఏ రికార్డుకూ దగ్గరగా ఉండదు. టామ్ అనే డ్రమ్ మీద తువ్వాలు వేసి మోగడాన్ని అణచివేశారు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ దానికి గదంతా నిండే ప్రతిధ్వని తొడిగారు. ఫలితంగా దెబ్బ పొడిగానూ ఉంటుంది, పెద్దదిగానూ ఉంటుంది, తడి మట్టి గోడను పిడికిలితో గుద్దినట్టు. లెనన్ వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట వైట్ ఒక దరువు వేస్తారు. అది పాట నడకకు అడ్డంగా, వెనక్కి లాగుతున్నట్టుగా పోయి, ఇక సమం తప్పిపోతుందనుకున్న క్షణంలో సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. కంజీర గారు సాహసం అన్నారు. సాహసం ఇది కాదా? ఇరవై రెండు నిమిషాలు ఇస్తే సాహసం చేయడానికి చోటు దొరుకుతుంది. రెండు క్షణాల ఖాళీలో చేయడం కష్టం.

మృదంగ విద్యార్థి:

నేను రాక్ సంగీతానికి ఆలస్యంగా వచ్చినవాణ్ణి. పన్నెండేళ్ళు మృదంగం నేర్చుకున్నాక ఒక స్నేహితుడి ఇంట్లో యెస్ రికార్డులు మొదటిసారి విన్నాను. అందువల్ల నాకు తోచింది కొంచెం వేరుగా ఉంటుంది, పెద్దలు మన్నించాలి.

ఈ చర్చ వైట్ సెషన్ పనినీ, బృందం పనినీ పక్కపక్కన పెడుతోంది. కానీ మొదట చర్చకు కారణమైన ప్రశ్న బ్రూఫర్డ్ తరువాత లయ మొద్దుబారిందా అన్నది. దానికి సాక్ష్యం మన చేతిలోనే ఉంది. బ్రూఫర్డ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' ఆల్బమ్ రికార్డు చేసి, వెంటనే కింగ్ క్రిమ్సన్ బృందంలో చేరిపోయారు. అప్పటికి గాయకుడు జో కాకర్‌తో పర్యటిస్తున్న వైట్ మూడు రోజుల్లో ఆ పాటలన్నీ పట్టుకుని, 1972 జులై 30న డాలస్‌లో మొదటి కచేరీ వాయించారు. ఆ పర్యటనల నుంచి మరుసటి ఏడాది మూడు రికార్డుల 'యెస్‌సాంగ్స్' వచ్చింది. 'క్లోజ్ టు ది ఎడ్జ్'లోని మూడు పాటలూ అందులో ఉన్నాయి, డ్రమ్స్ వైట్‌వి. ఒకే పాట, కొన్ని నెలల తేడా, ఇద్దరు వాద్యకారులు. పోల్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

'సైబీరియన్ ఖత్రూ'ను రెండు రికార్డుల్లోనూ తొడ మీద తాళం వేసుకుంటూ ఒకదాని తరువాత ఒకటి విన్నాను. బ్రూఫర్డ్ స్నేర్ డ్రమ్ దెబ్బ గిన్నె అంచు మీద చెంచాతో కొట్టినట్టు స్ఫుటంగా, ఖణీమని ఉంటుంది. ఆయన ప్రతి ఆవర్తంలోనూ దెబ్బను మనం ఎదురుచూడని చోట పెడతారు. వినేవాడు లెక్క కడుతూ ఉండాలి, లేకపోతే జారిపోతాడు. వైట్ దగ్గర ఆ లెక్కలన్నీ ఉన్నాయి, కానీ లెక్క కనిపించదు. దెబ్బ బరువుగా, కొంచెం వెనక్కి వాలి పడుతుంది. నా చెయ్యి తాళం తప్పలేదు. మా గురువుగారు కష్టమైన మిశ్రచాపు పల్లవిని కూడా ఆదితాళంలా హాయిగా నడిపించే విద్వాంసులను ఎక్కువగా మెచ్చుకునేవారు. ఆ దృష్టితో చూస్తే మొద్దుబారడం అన్న మాట పూర్తిగా పొరపాటు. పదును పోలేదు, వెన్నెముక వచ్చింది.

ఆ వెన్నెముక ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాతరికార్డు గారు చెప్పిన ఆ మూడేళ్ళ నుంచే. గాయకుడి ఊపిరి కనిపెట్టి వాయించే అలవాటు లెనన్ దగ్గర పట్టుబడకపోతే, అంత చిక్కైన పాటను అంత తేలికగా నడిపించగలిగేవారా?

సియాటిల్ తెలుగు:

వైట్ ఎన్నో ఏళ్ళు మా ఊరి పరిసరాల్లోనే నివసించారు. 2022 మే 26న, డెబ్బై రెండేళ్ళ వయసులో ఇక్కడే కన్నుమూశారు. ఆయనను ప్రత్యక్షంగా కలిసే భాగ్యం నాకు కలగలేదు. ఆయన పోయిన రోజు రాత్రి ఇంట్లో 'ఇన్‌స్టంట్ కర్మ' పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ వెంటనే 1977 నాటి యెస్ పాట 'అవేకెన్' విన్నాను.

మృదంగ విద్యార్థి గారి మాటకు ఒక్కటి జోడిస్తాను. 1983 నాటి '90125' ఆల్బమ్‌ను ఈ చర్చలో ఎవరూ తలవలేదు. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, యెస్‌కు ఆ స్థానం దక్కిన పాట అదొక్కటే. నిర్మాత ట్రెవర్ హార్న్ కొత్తగా వచ్చిన కంప్యూటర్ యంత్రాలతో శబ్దాలు చేరుస్తుంటే, పాతికేళ్ళుగా చేతితోనే బతికిన వాద్యకారులెందరో ఆ రోజుల్లో ఇబ్బంది పడ్డారు. వైట్ స్నేర్‌ను బిగువుగా శ్రుతి చేసుకుని, యంత్రం పక్కన తన చోటు తాను వెతుక్కున్నారు. అంటే యెస్‌లో ఉంటూనే మళ్ళీ సెషన్ వాద్యకారుడి బుద్ధితో పనిచేశారు. అదే ఆల్బమ్‌లోని 'ఛేంజెస్' పాట రచనలో ఆయన పేరు కూడా ఉంది. దాని మొదట్లో వచ్చే తిరుగుడు లెక్క విన్నవారికి ఆ పేరు అక్కడ ఎందుకు ఉందో వెంటనే తెలుస్తుంది.

1991 పర్యటనలో బ్రూఫర్డ్, వైట్ ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని వాయించారు. 2017లో యెస్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు ఇద్దరి పేర్లూ చేర్చారు. వాళ్ళిద్దరి మధ్య గెలుపోటములు చూడడం నాకు మనస్కరించదు. అయితే కంజీర గారితో ఒక విషయంలో విభేదిస్తాను. 'రీలేయర్'లో సాహసమే ముందు వినిపిస్తే, దానిలోని చివరి పాట 'టు బీ ఓవర్' వినండి. అక్కడ ఆయన ఎంత తక్కువ వాయించారో గమనించండి.

కంజీర:

'టు బీ ఓవర్' ఇప్పుడే మళ్ళీ విన్నాను. సియాటిల్ తెలుగు గారు చెప్పింది నిజం. సౌండ్ చేజర్ మోత తరువాత అది వస్తుంది కాబట్టి నేనెప్పుడూ దాన్ని విశ్రాంతి లాగానే విన్నాను, డ్రమ్స్ వైపు చెవి పెట్టలేదు. తని ఆవర్తనమే పరీక్ష అని నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. 'రీలేయర్' మీద నా ప్రేమ మాత్రం అలాగే ఉంది.

పాతరికార్డు:

నేనూ నిన్న రాత్రి అదే పాట విన్నాను, మృదంగ విద్యార్థి గారు చెప్పినట్టు తొడ మీద తాళం వేసుకుంటూ. వైట్‌కు యెస్‌లో చేరాక ఆ నిశ్శబ్దం పోయిందని నేను రాసిన వాక్యం తప్పు. గిటార్ మెల్లగా మీటుతున్న చోట వైట్ సింబల్స్‌ను (డ్రమ్స్‌తో ఉండే కంచు పళ్ళాలను) మాత్రమే తాకుతూ, టామ్ జోలికి పోకుండా చాలాసేపు ఆగుతారు. 'ఇమాజిన్' రెండో చరణంలో విన్న చెయ్యి అదే.

అయినా ఆ మూడేళ్ళ పనినే పైన పెడతాను. కారణం మాత్రం మారింది. ఆయన అక్కడ ఎక్కువ గొప్పగా వాయించారని కాదు, ఆ తరువాత యాభై ఏళ్ళ పాటు వాయించిన ప్రతిదానికీ వేరు అక్కడే ఉందని. బెజవాడ శ్రోత గారికి ఒక విన్నపం: 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'లో పాటవారీగా ముగ్గురి చేతులనూ చెవితో వేరుచేయడానికి ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. రింగో ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి వాటానికి అమర్చిన డ్రమ్స్ వాయిస్తారు కాబట్టి ఆయన టామ్ దరువుల వరస వేరుగా ఉంటుంది. ముందు ఆ పాటలను పక్కకు తీసి, మిగిలిన వాటితో మొదలుపెట్టవచ్చు.