టోనీ బెన్ వద్దన్న బిరుదును కొడుకు తీసుకోవడం తప్పా?

కృష్ణాతీరం:
బ్రిటన్ లేబర్ నాయకుడు టోనీ బెన్ కథ కొందరికైనా తెలిసే ఉంటుంది. 1960 నవంబరులో తండ్రి పోగానే, అడక్కపోయినా వైకౌంట్ స్టాన్స్‌గేట్ అనే వంశపారంపర్య ప్రభువు బిరుదు ఈయన నెత్తిన పడింది. ప్రభువు అయినవాడు జనం ఎన్నుకునే కామన్స్ సభలో ఉండకూడదు కాబట్టి, బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ జనం గెలిపించిన సీటు పోయింది. మూడేళ్లు కొట్లాడి, 1963లో చట్టం వచ్చాక ఆ బిరుదు వదిలించుకున్నాడు. 2014లో ఆయన పోయాక పెద్దకొడుకు స్టీఫెన్ అదే బిరుదు తీసుకుని, 2021లో ప్రభువులు కూర్చునే ఎగువ సభ, లార్డ్స్ సభకు వెళ్లాడు. తండ్రి పోరాటాన్ని బూడిదలో పోసినట్టే అంటాను నేను. మీరేమంటారు?

రవళి_వరంగల్:
అంత మాట వద్దండీ. 1963 చట్టం ఇచ్చింది "నాకు వద్దు" అనే హక్కు మాత్రమే. వదులుకున్నవాడి జీవితకాలానికే అది చెల్లుతుంది. బిరుదు రద్దు కాదు, ఆయన పోయాక వారసుడి దగ్గరికి వస్తుంది. వారసుడికీ ఏడాది గడువు ఉంటుంది, వద్దనుకుంటే వదులుకోవచ్చు. స్టీఫెన్ వద్దనుకోలేదు. తండ్రి నిర్ణయం తండ్రిది, కొడుకు నిర్ణయం కొడుకుది.

కృష్ణాతీరం:
హక్కు లేదని నేను అనలేదు రవళి గారూ. 1961 మే నెలలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. ఉప ఎన్నికలో టోనీ బెన్ మళ్లీ నిలబడ్డాడు. అనర్హుడని తెలిసి కూడా జనం 23,275 ఓట్లు వేశారు. ప్రత్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌కు వచ్చినవి 10,231. గెలిచినాయన సభకు వెళితే గుమ్మం దగ్గరే ఆపేశారు, లోపలికి రానివ్వద్దని పైనుంచి ఆదేశమట. ఆ తర్వాత ఎన్నికల కోర్టులో ఇద్దరు జడ్జీల ముందు తన కేసు తనే వాదించుకుని ఓడిపోయాడు. సీటు ఓడిన సెయింట్ క్లెయిర్‌కు ఇచ్చారు. తమాషా ఏమిటంటే, ఆయనా ఒక లార్డ్ బిరుదుకు వారసుడే! ఇన్ని అవమానాలు పడి తండ్రి వదిలించుకున్నదాన్ని కొడుకు మళ్లీ తగిలించుకోవడం నాకైతే మింగుడు పడదు.

సీమ_సీను:
ఆ చట్టంతో బాగుపడింది ఎవరో చెప్పలేదేం అన్నా? చట్టం వచ్చిన మూడు నెలలకే కన్సర్వేటివ్ పార్టీ వాడైన ఎర్ల్ ఆఫ్ హోమ్ అనే ప్రభువు ప్రధాని అయి కూర్చుని, ఆ వెంటనే బిరుదు వదులుకున్నాడు. ఉప ఎన్నికలో గెలిచేదాకా రెండు వారాలు ఆ దేశ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు! లేబర్ మనిషి దున్నితే కోత వాళ్లు కోసుకున్నారు.

క్రాయిడన్_కుమార్:
ఇక్కడే బ్రిటన్‌లో ఉంటాను కాబట్టి ఒక సంగతి చెప్తా. బిరుదు ఉన్నంత మాత్రాన లార్డ్స్ సభలో కుర్చీ దొరకదు. 1999 చట్టం వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందిని ఉంచి మిగతావాళ్లను పంపేసింది. 2024 దాకా వాళ్లలో ఖాళీ వస్తే ఉప ఎన్నిక పెట్టేవారు, అందులో నిలబడాలంటే అలాంటి బిరుదే ఉండాల్సి వచ్చేది. 2016లో లిబరల్ డెమోక్రాట్ల ఖాళీకి ఏడుగురు పోటీ చేశారు, ఓటర్లు ముగ్గురు. ఆ మూడు ఓట్లూ వైకౌంట్ థర్సోకే పడ్డాయి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నిక ఇంతకంటే నయం. స్టీఫెన్ విషయంలో ఆ మూడు ఓట్లు కూడా అక్కర్లేకపోయింది, పోటీకి ఎవరూ లేరు.

కృష్ణాతీరం:
చూశారా! నేను చెప్పేదీ అదే.

రవళి_వరంగల్:
అయితే తప్పు ఆ పద్ధతిది, మనిషిది కాదు. మన దగ్గర 1971లో రాజ్యాంగ సవరణ తెచ్చి రాజుల గుర్తింపు, రాజభరణాలు అందరికీ ఒకేసారి తీసేశారు. ఫలానా రాజు పెద్దమనసు చేసుకుని వదులుకుంటాడా అని ఎవరూ కాచుకోలేదు. వాళ్ల పార్లమెంటు చేయాల్సిన పని చేయకుండా ఒక్క కుటుంబాన్ని పట్టుకుని "నువ్వెందుకు వదులుకోలేదు" అంటే ఎలా?

పాత_పేపర్లు:
అసలు ఆ బిరుదు ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. ఇదేమీ కోటలూ భూములూ ఉన్న పాత వంశం కాదు. స్టీఫెన్ తాత విలియం వెడ్జ్‌వుడ్ బెన్ 1929 నుంచి 1931 దాకా ఇండియా వ్యవహారాల మంత్రి, గాంధీ-ఇర్విన్ ఒప్పందం నాటి మనిషి. లార్డ్స్ సభలో లేబర్‌కు మనుషులు చాలక 1942లో ఆయనకు బిరుదు ఇచ్చారు. ఒప్పుకునే ముందు పెద్దకొడుకు మైకేల్‌ను అడిగితే, మతగురువు కావాలనుకుంటున్న ఆ అబ్బాయి అభ్యంతరం లేదన్నాడు. టోనీని అడగలేదు. 1944లో మైకేల్ వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయాడు, దాంతో టోనీ వారసుడయ్యాడు. అంటే మొదటి నుంచీ అది పార్టీ పని కోసం ఇచ్చిన కుర్చీ. తాత చేసిన పనే మనవడూ చేశాడు, లేబర్ సభ్యుడిగానే కూర్చున్నాడు.

సీమ_సీను:
ఇది తెలీదు నాకు. మంచి పాయింటే.

కృష్ణాతీరం:
పాయింటే, కాదనను. కానీ తాతను పార్టీ పనికొస్తాడని పంపారు, మనవడికి పోటీ చేసే అర్హతే పుట్టుకతో వచ్చింది. లార్డ్స్ సభలో పని చేయాలనుకుంటే 1958 నుంచి జీవితకాల ప్రభువుల (బిరుదు వారసులకు పోనివాళ్ల) దారి ఉంది కదా, పార్టీ సిఫారసు చేస్తే చాలు.

రవళి_వరంగల్:
పార్టీ సిఫారసు మాత్రం జనం వేసిన ఓటా ఏమిటి! మిగిలిన వంశపారంపర్య సీట్లు తీసేయడానికి 2024లో లేబర్ ప్రభుత్వమే బిల్లు పెట్టింది. అదేదో ముందే చేసుంటే మనకు ఈ గొడవే లేదు.

కృష్ణాతీరం:
అది నిజమే. మరి స్టీఫెన్ సొంత తమ్ముడు హిల్లరీ బెన్ సంగతి? అదే ఇల్లు, అదే ఇంటిపేరు. 1999లో లీడ్స్‌లో ఓట్లు అడిగి గెలిచి కామన్స్‌కు వెళ్లాడు. ఆ దారి అన్నకూ తెరిచే ఉంది.