నెట్ లేని చోట గిట్ పని: రెండు రిపాజిటరీలను ఒకేలా ఉంచడం ఎలా?

అందరికీ నమస్కారం. నేను పాడేరు వైపు పనిచేస్తున్నాను, ఇక్కడ చాలా రోజులు నెట్ అందదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో కమిట్ (మార్పును సేవ్ చేయడం), బ్రాంచ్ (విడిగా పని సాగే దారి), మెర్జ్ (ఆ దారులను కలపడం), పాత హిస్టరీ చూడటం అన్నీ ల్యాప్‌టాప్‌లోనే అయిపోతాయి కాబట్టి ఆ పనికి ఇబ్బంది లేదు. విశాఖ వచ్చి నెట్ దొరికాకే అసలు టెన్షన్.

మా కోడ్ రిపాజిటరీ (కోడ్, దాని హిస్టరీ ఉండే చోటు) ఒకటి గిట్‌హబ్‌లో, ఇంకొకటి ఆఫీసు గిట్‌ల్యాబ్ సర్వర్లో ఉంది. రెండోదాన్ని మిర్రర్ (మొదటిదానికి నకలు) అంటాం గానీ, కొందరు దానికీ నేరుగా పుష్ చేస్తున్నారు, అంటే తమ కమిట్లు పంపుతున్నారు. దాంతో మెయిన్ బ్రాంచ్ రెండు దారులు పట్టింది. నేను పుష్ చేస్తే "నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్" (అవతల ఉన్న కమిట్లు నీ దగ్గర లేవు) అని తిప్పికొడుతోంది. 'పుష్ --మిర్రర్' వాడమని ఒకరు చెప్పారు. కానీ నా దగ్గర లేని బ్రాంచ్‌లను, ట్యాగ్‌లను (కమిట్‌కి గుర్తుగా పెట్టే పేర్లను) అది అవతల తుడిచేస్తుంది కదా! ఇంకొకరి కష్టం పోతుందేమోనని నాకు భయంగా ఉంది. ప్రస్తుతం రెండింటినీ వేర్వేరు రిమోట్లుగా (అవతలి రిపాజిటరీల చిరునామాలుగా) పెట్టుకుని, ఫెచ్ చేసి (కొత్త కమిట్లు తెచ్చుకుని), మెర్జ్ చేసి, రెండు చోట్లకీ పుష్ చేస్తున్నాను. బ్రాంచ్‌లు ఎక్కువైతే ఇది చాలా విసుగు పని.

ఇంకో సంగతి. నెట్ లేని సహోద్యోగికి పెన్‌డ్రైవ్‌లో 'గిట్ బండిల్' (కమిట్లను ఒకే ఫైలుగా కట్టినది) ఇస్తున్నాను. పోయినసారి ఇచ్చిన కమిట్ తర్వాతవి మాత్రమే కడితే ఫైలు చిన్నగా వస్తుంది. అయితే ఆ పాత కమిట్ ఆయన దగ్గర లేకపోతే 'బండిల్ వెరిఫై' (ఆ ఫైలు పనికొస్తుందో లేదో చూసే ఆదేశం) దగ్గరే ఆగిపోతుంది. ఎవరికి ఎంతవరకు ఇచ్చామో గుర్తుకి ట్యాగ్ పెట్టుకోవడం మంచిదేనా?

మిర్రర్‌ను చదవడానికే పరిమితం చేయడం తప్ప వేరే దారి ఉందా? ఇలా పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.