401కె డబ్బులో 20 శాతం ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్‌లో పెట్టొచ్చా?

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ నమస్తే. నాకు 44 ఏళ్లు, డాలస్ దగ్గర ఉంటున్నాం. నా 401కె (ఆఫీసు ద్వారా జమయ్యే రిటైర్‌మెంట్ పొదుపు) మొత్తం మొదటి నుంచీ టార్గెట్ డేట్ ఫండ్‌లోనే (రిటైరయ్యే ఏడాదిని బట్టి షేర్లు, బాండ్ల వాటా తనే మార్చుకునే ఫండ్) ఉంది, ఎప్పుడూ ముట్టుకోలేదు. మొన్న ఆఫీసులో మనవాడే ఒకతను, "అమెరికా మార్కెట్ పెరగాల్సినంత పెరిగింది, ఇక వచ్చే 20 ఏళ్లు ఇండియావి, ఆసియావి. 20 శాతం ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్‌కి మార్చేయ్" అన్నాడు. మా ప్లాన్‌లో అలాంటి ఫండ్, అంటే ఇండియా, చైనా లాంటి ఎదుగుతున్న దేశాల షేర్లు కొనేది, ఒకటే ఉంది. రిటైర్‌మెంట్‌కి ఇంకా 18 ఏళ్లు. ఎవరైనా చేసి చూశారా?

డెట్రాయిట్_2001:
నేను చేశాను. వద్దు.

2007 అక్టోబర్‌లో మా దగ్గరి బంధువు ఒకాయన చెబితే 62 వేల డాలర్లు అందులోకి మార్చాను. 2008 నవంబర్‌లో లేఆఫ్. ఫిబ్రవరిలో స్టేట్‌మెంట్ వచ్చింది, 25 వేలు. ఆ కవరు వంటింట్లో స్టవ్ పక్కన మూడు రోజులు అలాగే ఉంది, మా ఆవిడ గానీ నేను గానీ దాన్ని తీసి లోపల పెట్టలేకపోయాం. ఇంటి లోన్ కట్టాలి, వేరే దారి లేక ఆ 25 వేలూ తీసేశాం. 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ, ఆపైన ట్యాక్స్. చివరికి చేతికొచ్చింది 18 వేలు.

దూరపు కొండలు నునుపు, తమ్ముడూ.

ఓరుగల్లు_లెక్కలు:
డెట్రాయిట్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మిమ్మల్ని ముంచింది ఫండ్ కాదు, ఉద్యోగం పోవడం. చేతిలో ఆరు నెలల ఖర్చుకి డబ్బు ఉండుంటే మీరు అమ్మేవారు కాదు. ఇలాంటి ఫండ్లకి కొలమానంగా ఎంఎస్‌సీఐ అనే సంస్థ లెక్కేసే ఎమర్జింగ్ మార్కెట్స్ సూచీ 2008లో సగానికి పైగా పడింది, నిజమే. మరుసటి ఏడాదే 78 శాతం పెరిగింది.

ఇంకో లెక్క చూడండి. 2000 నుంచి 2009 దాకా పదేళ్లు అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో డబ్బు పెట్టి కదపనివాళ్లకి డివిడెండ్లు కలిపినా నష్టమే. అదే పదేళ్లలో ఎమర్జింగ్ మార్కెట్లలో పెట్టిన డబ్బు దాదాపు రెండున్నర రెట్లయింది. అమెరికా ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని నమ్మేవాళ్లు ఈ పదేళ్లని మర్చిపోతారు.

డెట్రాయిట్_2001:
తర్వాతి పదేళ్లు చెప్పలేదేం? 2010 నుంచి 2019 దాకా ఎస్ అండ్ పీ మూడున్నర రెట్లయింది. మీ సూచీ ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. నేను కొన్న 2007 అక్టోబర్ స్థాయిని అది మళ్లీ దాటింది 2021 మొదట్లో. నేను అమ్మకుండా ఉన్నా పదమూడేళ్లు ఎదురుచూడాల్సి వచ్చేది.

ఓరుగల్లు_లెక్కలు:
డివిడెండ్లు తీసేసి చెబుతున్నారు. అవి కలిపితే అన్నేళ్లు పట్టదు.

శ్రీకాకుళం_కుర్రోడు:
ఇదంతా ఎందుకన్నా, ఇండియాలో మ్యూచువల్ ఫండ్ నేరుగా కొనేస్తే పోలా?

ఎడిసన్_కోడలు:
అమెరికాలో ట్యాక్స్ కట్టేవాళ్లు ఆ పని చేయకండి. ఇండియా మ్యూచువల్ ఫండ్లని ఇక్కడ పన్ను లెక్కలో పీఎఫ్ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద చూస్తారు. ఒక్కో ఫండ్‌కీ ఏటా ఫారం 8621 నింపాలి, లాభం మీద పన్ను కూడా ఘోరంగా ఉంటుంది. 401కె లోపల ఉన్న ఫండ్‌కి ఆ గొడవ లేదు.

ఓరుగల్లు_లెక్కలు:
అసలు ఎమర్జింగ్ అంటే ఏదో పేద దేశాల గుంపు అనుకుంటున్నారు. శాంసంగ్ తయారుచేసే కొరియా అందులో ఉంది, ప్రపంచానికి చిప్‌లు చేసిచ్చే తైవాన్ ఉంది.

డెట్రాయిట్_2001:
కొరియా ఎమర్జింగ్ కాదు. నేను ఈ మధ్య వాన్‌గార్డ్ అనే అమెరికా కంపెనీ ఎమర్జింగ్ ఫండ్ జాబితా తెరిచి చూశాను. అందులో శాంసంగ్ లేదు.

ఓరుగల్లు_లెక్కలు:
ఉంది. మా ఫండ్‌లో మొదటి ఐదు కంపెనీల్లో ఒకటి శాంసంగ్. ముందు సరిగ్గా చూసి రాయండి.

డెట్రాయిట్_2001:
సరిగ్గానే చూశాను. జాబితా చివరిదాకా చదివాను. లేదు.

ఓరుగల్లు_లెక్కలు:
మీరు చూసింది వేరే ఫండ్ అయి ఉంటుంది. కొరియా లేకుండా ఎమర్జింగ్ సూచీ ఎక్కడుంది?

ఎడిసన్_కోడలు:
మీరిద్దరూ చెప్పేది నిజమే, ఇక వదిలేయండి. ఎంఎస్‌సీఐ లెక్కలో కొరియా ఎమర్జింగ్. ఎఫ్‌టీఎస్ఈ అనే ఇంకో సూచీల సంస్థ లెక్కలో 2009 నుంచే అభివృద్ధి చెందిన దేశం. వాన్‌గార్డ్ 2013లో మొదటి సూచీ నుంచి రెండో దానికి మారింది.

ఫ్రిస్కో గారూ, మీకు పనికొచ్చే ముక్క ఒకటి. పేరు చూసి "ఇండియా ఫండ్" అనుకోకండి. చైనా, తైవాన్, ఇండియా, కొరియా కలిపి ఎంఎస్‌సీఐ సూచీలో నాలుగింట మూడొంతులు. ఇండియా వాటా ఐదో వంతు కంటే తక్కువే. తైవాన్ సెమీకండక్టర్ కంపెనీ ఒక్కటే పదో వంతు చుట్టూ ఉంటుంది. ఇండియా మీద నమ్మకంతో ఇందులో పెడితే, మీ డబ్బులో ఎక్కువ భాగం వెళ్లేది వేరే చోట్లకి. పైగా మీ టార్గెట్ డేట్ ఫండ్‌లో ఈ దేశాలు ఇప్పటికే కొంత ఉండే అవకాశం చాలా ఎక్కువ, అది ముందు చూసుకోండి.

డెట్రాయిట్_2001:
ఆ దేశాల్లో రూల్స్ రాత్రికి రాత్రి మారిపోతాయి. 2021 జులైలో చైనా, స్కూలు పిల్లల ట్యూషన్ కంపెనీలు ఇక లాభం కోసం నడపకూడదంది. ఆ షేర్లు రోజుల్లో నేలకి దిగాయి. 2022 మార్చిలో రష్యా షేర్లని దాదాపు సున్నా ధరకి లెక్కేసి సూచీలోంచి తీసేశారు. ముసలితనంలో మందులు కొనుక్కోవాల్సిన డబ్బండీ ఇది. ఇండియా సంగతంటారా, నేను 62 వేలు పెట్టినప్పుడు డాలరు 40 రూపాయల లోపు. ఇప్పుడు 85 పైన. అక్కడ షేరు రెట్టింపయినా డాలర్లలో నాకు మిగిలేది ఏమీ ఉండదు.

ఓరుగల్లు_లెక్కలు:
ప్రతిదాంట్లో చెడే కనబడుతుంది మీకు. మన దేశం మీద మనకే నమ్మకం లేకపోతే ఎట్లా? అమెరికాలో పాతికేళ్లు సంపాదించి, పుట్టిన నేలని అనుమానంగా చూడటం నాకు నచ్చలేదు. ఉన్న మాట చెప్తున్నా.

డెట్రాయిట్_2001:
2007లో మా బంధువు కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు. "బావా, మన దేశం మీద నమ్మకం లేదా" అని, నలుగురూ భోజనాలు చేస్తున్న చోట. కాదనలేక, సిగ్గుపడి, ఆ రాత్రే లాగిన్ అయి మార్చాను. లెక్క చూసి కాదు. లేఆఫ్ అయ్యాక ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

దేశభక్తిని నా పెన్షన్‌లో కలపొద్దు. మీకు చేతులెత్తి మొక్కుతాను.

ఎడిసన్_కోడలు:
ఓరుగల్లు అన్నయ్యా, ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

ఓరుగల్లు_లెక్కలు:
తీసుకుంటున్నా. తప్పైంది, డెట్రాయిట్ గారూ.

నా సంగతి ముందే చెప్పాల్సింది. 14 ఏళ్లు అక్కడుండి 2019లో హనుమకొండ వచ్చేశాం. నా 401కె అక్కడే ఉంది, అందులో 30 శాతం ఎమర్జింగ్. నా కరెంటు బిల్లు, అమ్మ డయాలసిస్, మా పాప కాలేజీ ఫీజు అన్నీ రూపాయల్లోనే. రూపాయి పడిందని మీరు భయపడతారు. నాకు రూపాయి పడితే అక్కడున్న డాలర్లకి ఇక్కడ ఎక్కువ వస్తాయి. రూపాయి గట్టిపడి, ఇక్కడ అన్నీ ఖరీదైపోతేనే నాకు టెన్షన్. అప్పుడు ఇక్కడి కంపెనీల్లో కూడా నా వాటా కొంత ఉండాలని పెట్టుకున్నా.

డెట్రాయిట్_2001:
అలా అయితే మీకది సరిపోతుంది. నేను కాదనను.

నాన్న 2011లో, అమ్మ 2014లో పోయారు. మరుసటేడు రాజమండ్రి ఇల్లు అమ్మేశాం. తాళం కొన్నవాళ్ల చేతిలో పెట్టి రైలెక్కాను. ఇక అక్కడికి వెళ్తే హోటల్లో దిగాలి. పిల్లలిద్దరూ మిషిగన్‌లోనే. నేను కట్టేది ఇక్కడి ఇన్సూరెన్స్, ఇక్కడి ఇంటి పన్ను, అన్నీ డాలర్లలో. ఆ ఫండ్ పడితే నా బతుకులో దానికి ఎదురుగా చవకయ్యేది ఏదీ లేదు.

శ్రీకాకుళం_కుర్రోడు:
అన్నా, ఈ ముక్క మొదట్లోనే రాసుంటే కొరియా గొడవే ఉండేది కాదు.

ఫ్రిస్కో_నాన్న:
మీ ఇద్దరి చివరి మెసేజ్‌లూ నిన్న రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. "మనం ఎక్కడుంటాం?" అని అడిగింది. వైజాగ్ అన్నాను, అది ఎప్పుడో అనుకున్నదే కదా అన్నట్టు. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాప ఎక్కడుంటే అక్కడ" అంది. పదహారేళ్ల కాపురంలో ఈ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఎడిసన్_కోడలు గారు చెప్పినట్టు టార్గెట్ డేట్ ఫండ్ కాగితాలు తెరిచి చూశాను. అందులో ఎమర్జింగ్ ఇప్పటికే 9 శాతం ఉంది. మా ప్లాన్‌లో విడిగా ఉన్న ఫండ్ ఏడాదికి 1.1 శాతం తీసుకుంటుంది. ప్రస్తుతానికి ఏదీ కదపను. ఆఫీసతను సోమవారం మళ్లీ అడుగుతాడు, ఇంట్లో మాట్లాడుతున్నాం అని చెప్తాను.