బియ్యం సంచిలో కరపత్రం పెట్టాలా వద్దా? (లంకల్లో వరద సాయం గురించి)

రాజోలు కాలవగట్టు:
అందరికీ వందనాలు. మా సంఘంలో వచ్చిన తగువు ఒకటి ఇక్కడ పెడుతున్నాను, మీ మీ సంఘాల్లో ఏం చేస్తారో చెప్పండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి మధ్యనున్న లంకలన్నీ మునిగిపోయాయి కదా, అప్పుడు మా కుర్రాళ్లం పడవ మాట్లాడుకుని రెండు లంకలకి బియ్యం, కందిపప్పు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పట్టుకెళ్లాం. ప్రతి సంచిలో ఒక కరపత్రం పెట్టాం. పంచే ముందు మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. మాలో ఒకడు నోటుపుస్తకంలో పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నాడు, తర్వాత పరామర్శకి వెళ్లొచ్చని. ఈ ఏడు నీళ్లు రాకముందే సరుకు సిద్ధం చేసుకుందామని కమిటీ వేస్తే, కరపత్రం లేకపోతే అది సువార్త పనే కాదని కొందరు, కరపత్రం పెడితే అది ప్రేమే కాదని కొందరు. మూడు మీటింగులు అయ్యాయి. ఇంకా బియ్యం కొనలేదు.

పూతరేకు:
ముందు బియ్యం కొనండి బాబూ.

వందనాలు 777:
మత్తయి 28:19. సమస్త జనులను శిష్యులుగా చేయమన్నాడు. ఇందులో చర్చ ఏముంది? ఆమేన్.

పేటమ్మాయి:
28వ అధ్యాయం దాకా వెళ్లినవాళ్లు దారిలో 6వ అధ్యాయం చూసే ఉంటారు. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్నాడు. ఎడమచేతికే తెలియకూడదంటే ఫ్లెక్సీ మీద వేయమని ఎక్కడ చెప్పాడండీ? మంచి సమరయుడు ఏం చేశాడో చూడండి. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్లవాడి ఇంట్లో దించాడు, రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఇంత లెక్క రాసిన లూకా, అతను ప్రసంగం చేసినట్టు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను నర్సుని. పేషెంటుకి సెలైన్ పెట్టి, నీకు ఏ దేవుడంటే నమ్మకం అని అడగను. రాత్రి డ్యూటీలో వాళ్ల కోసం ప్రార్థన చేస్తాను, వాళ్లకి తెలీదు.

నాటుపడవ:
చెల్లెమ్మా, సమరయుడి దగ్గర కరపత్రం లేదు ఎందుకంటే అప్పటికి అచ్చు లేదు. (నవ్వులాటకే అన్నాను.) ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని రోమా 10లో పౌలు అడిగాడు, దానికి జవాబు చెప్పండి. స్తెఫను సంగతి చూడండి. అపొస్తలుల కార్యాలు 6లో విధవరాండ్రకి భోజనం అందడం లేదని సణుగు వస్తే పంక్తి చూసుకోవడానికి ఏర్పరచిన ఏడుగురిలో ఆయన ఒకడు. వడ్డించాడు, ప్రభువు గురించీ మాట్లాడాడు, మాట్లాడినందుకే రాళ్లతో కొట్టి చంపారు. వడ్డన ఒకరిదీ వాక్యం ఒకరిదీ అని మనం ఇప్పుడు పంచుకుంటున్నాం కానీ ఆయన పంచుకోలేదు. అన్నం పెట్టి ఎందుకు పెట్టావో చెప్పకపోతే వాళ్లు నిన్నే మంచివాడు అనుకుంటారు, మహిమ నీకే వస్తుంది. నా బాధ అది.

రిటైర్డ్ మాస్టారు:
మన డెల్టాలో కూర్చుని ఈ మాట తేల్చుకోలేకపోతే ఎలా? కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. అంతకుముందు ఇక్కడ కరువులో జనం ఎలా పోయారో చదివినవాళ్లకి తెలుసు. ఆయన గట్టి విశ్వాసి. అయినా కాలవ నీళ్లు వదిలేటప్పుడు ఏ రైతునీ నీది ఏ మతం అని అడగలేదు. ఇవాళ్టికీ గోదావరి స్నానం చేసే బ్రాహ్మలు సంకల్పంలో ఆయన్ని తలుచుకునే శ్లోకం ఉంది, అందులో ఆయన్ని భగీరథుడన్నారు. సాక్ష్యం అంటే అదీ.

నాటుపడవ:
మాస్టారూ, సగమే చెప్పారు. కాటన్ దొర దగ్గర పనిచేసిన ఇంజనీరు హేగ్ దొర పూనుకోబట్టే 1860 ప్రాంతంలో డుమ్ముగూడెంలో మిషన్ మొదలైంది. నీళ్ల పని చేసినవాళ్లే వాక్యం పనీ చేశారు.

రిటైర్డ్ మాస్టారు:
హేగ్ వేరు, కాటన్ వేరు. సర్కారు జీతం మీద కట్టిన ఆనకట్ట అది.

నాటుపడవ:
జీతం మీద కడితే సాక్ష్యం ఎలా అయిందండీ మరి? మీరే కదా సాక్ష్యం అన్నారు.

రిటైర్డ్ మాస్టారు:
జీతం తీసుకుని కూడా అంత ప్రేమగా కట్టాడని నా భావం. పై అధికారులతో పోట్లాడి మరీ డబ్బు రాబట్టాడు. మీరు మాట పట్టుకుని లాగుతున్నారు.

పూతరేకు:
ఆనకట్ట దాకా వెళ్లిపోయారు. బియ్యం?

కొబ్బరితోట:
నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు, మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి. కానీ 2022లో ఆ లంకలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మూడో రోజున మీ పడవే మొదట వచ్చింది, ఆ మాట ఎవరి దగ్గరైనా చెబుతాను. కాకపోతే మోకాలి లోతు నీళ్లలో మమ్మల్ని నిలబెట్టి 40 నిమిషాలు ప్రార్థన చేశారు. మా అమ్మకి 70 ఏళ్లు, నిలబడలేక నా భుజం పట్టుకుంది.

రాజోలు కాలవగట్టు:
అన్నా, 40 నిమిషాలు కాదు. పది నిమిషాలు ఉంటుందేమో. నేను పక్కనే ఉన్నాను.

కొబ్బరితోట:
మీరు పడవలో ఉన్నారు తమ్ముడూ. నేను నీళ్లలో ఉన్నాను. నీళ్లలో ఉన్నవాడికి వాచీ చూసుకోవడం తప్ప పనేముంది?

వందనాలు 777:
మీ గుళ్లో అన్నదానం ముందు భజన చెయ్యరా? అప్పుడు నిలబడరా?

కొబ్బరితోట:
చేస్తారు. గుడికి నేను వెళ్తాను, గుడి నా దగ్గరికి పడవేసుకుని రాదు. అయినా నేను తగువుకి రాలేదండీ, అమ్మ సంగతి చెప్పానంతే. ఆ కరపత్రం మా అమ్మ దాచుకుంది కూడా, దాని మీద దీపం బొమ్మ బాగుందని.

నాటుపడవ:
చూశారా! దాచుకుంది! విత్తనం వేయడమే మన పని, మొలిపించేది దేవుడు.

పేటమ్మాయి:
బొమ్మ బాగుందని దాచుకుందన్నారు ఆయన. అంతకంటే చదవకండి.
ప్రభువు పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మిదిమంది ఎక్కడ అని అడిగాడు నిజమే, కానీ వాళ్ల కుష్ఠు మళ్లీ వాళ్లకి అంటించలేదు. వాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకోలేదు. ఆ నోటుపుస్తకం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరికి చూపించడానికి?

రాజోలు కాలవగట్టు:
అక్కా, అది మంచి ఉద్దేశంతోనే. కానీ నిజం చెప్పాలంటే ఆ పేర్లలో ఒక్కరి ఇంటికి కూడా మేం తర్వాత వెళ్లలేదు. పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గరుందో కూడా తెలీదు.

నాటుపడవ:
వెళ్లకపోవడం తప్పు, రాసుకోవడం తప్పు కాదు. అసలు నాకు ఒకటి అర్థమవుతోంది. ఈ చర్చలో కొందరికి ప్రభువు పేరు పదిమందిలో పలకడానికి నామోషీ. సువార్త గురించి నేను సిగ్గుపడను అన్నాడు పౌలు. పేటలో ఉన్నన్నాళ్లూ స్త్రీల సమాజంలో పాటలు పాడి, చదువుకుని, ఉద్యోగం వచ్చి టౌన్లో ఇల్లు కొనుక్కున్నాక "రహస్యంగా ప్రార్థన చేస్తాను" అనే బ్యాచి ఒకటి తయారైంది. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

పేటమ్మాయి:
నన్ను ఉద్దేశించే అన్నారు, అన్నవాళ్లు ఒప్పుకోవాలి. సరే, వినండి మరి.
మా నానమ్మకి నర్సాపురం వైపు మిషన్ వాళ్ల దగ్గర లేసు అల్లడం వచ్చింది. 1836లో బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి ఆ నర్సాపురం, పాలకొల్లు వైపే కదా పని మొదలుపెట్టింది, వాళ్ల తర్వాత వచ్చిన దొరసానులు ఆడవాళ్లకి నేర్పిన పని అది. మా నానమ్మ వాక్యం కూడా వాళ్ల దగ్గరే నేర్చుకుంది. చనిపోయేదాకా చేతిలో కొక్కెం, పక్కన బైబిలు. ఆవిడ భక్తిలో ఎంత అబద్ధం ఉందో నాకు చూపించండి. అయినా ఆవిడ మనవరాలిని కాబట్టి నేను ఐదో తరగతి నుంచి ఒకే మాట విన్నాను, "బియ్యం కోసం మతంలో కలిసినోళ్లు". స్కూల్లో విన్నాను, నర్సింగు హాస్టల్లో విన్నాను, మొన్నటికి మొన్న డ్యూటీ రూములో నవ్వుతూ అన్నారు. మీరు సంచిలో కరపత్రం పెట్టిన ప్రతిసారీ ఆ మాటకి ఒక ఫొటో దొరుకుతోంది. మీరు పడవెక్కి వచ్చేస్తారు. ఆ మాట మా పేటలో ఉండిపోతుంది.
ఇక పేర్ల సంగతి. మా వీధిలో ఒకావిడ ఉంది, చర్చి గడప ఏనాడూ తొక్కలేదు. వరదల్లో ఎవరో సంఘం వాళ్లు బియ్యం ఇస్తూ చేతులెత్తమంటే ఎత్తింది, పక్కవాళ్లు ఎత్తారు కాబట్టి. ఆ ఫొటో ఫేస్‌బుక్కులో పెట్టారు. కొడుక్కి ఉద్యోగం వచ్చే టైముకి ఎవడో ఆ ఫొటో పట్టుకెళ్లి వీళ్లు మతం మారారు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఫిర్యాదు ఇచ్చాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మీకు తెలుసో తెలీదో, ఎస్సీ హోదా హిందువులకే అని ఉండేది, 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీలు క్రైస్తవులైతే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినా ఊళ్లో కులం మారదు, కాగితం మాత్రం మారుతుంది. ఆ కుర్రాడు ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఐదు కేజీల బియ్యానికి. ఆ సంఘం వాళ్లు ఒక్కసారి వచ్చి, ఈవిడ మా సంఘంలో లేదని చెప్పి ఉంటే సరిపోయేది. ఫోన్ ఎత్తలేదు.
ఇప్పుడు చెప్పండి నామోషీ ఎవరికో.

పూతరేకు:
...

రిటైర్డ్ మాస్టారు:
ఆ ఒక శాతం మాట నిజం. మా కాలేజీలో చూశాను.

వందనాలు 777:
లోకం మనల్ని హింసిస్తుందని వాక్యంలో ముందే ఉంది కదా సిస్టర్.

పేటమ్మాయి:
హింస ఆవిడకి బ్రదర్. మీకు లైకులు.

అడ్మిన్:
కాస్త మెల్లగా మాట్లాడుకోండి. ఎవరి ఊరు, పేరు బయటపెట్టకండి.

రాజోలు కాలవగట్టు:
రెండు రోజులుగా ఎవరూ రాయలేదు. నాటుపడవ అన్నయ్యా, కోపం వచ్చిందా?

నాటుపడవ:
కోపం కాదు తమ్ముడూ, వేటకి వెళ్లాను. వచ్చి రెండుసార్లు చదివాను. చెల్లెమ్మా, నామోషీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సర్టిఫికెట్ సంగతి నాకు తట్టలేదు, మేం బెస్తవాళ్లం, మాకు ఆ చిక్కు లేదు. కానీ కరపత్రం మాట మాత్రం వదలను, ఎందుకో చెబుతాను.
1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు మాది ముమ్మిడివరం అవతల సముద్రం వార ఊరు. నాకు పదకొండేళ్లు. మా పెదనాన్న, ఆయన ఇద్దరు కొడుకులు వేటకెళ్లి రాలేదు. శవాలు కూడా దొరకలేదు. మా నావ విరిగిపోయింది, కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి. నాన్న అంతకుముందే తాగేవాడు, ఆ తర్వాత పొద్దున్నే మొదలుపెట్టేవాడు, అమ్మని కొట్టేవాడు. స్కూలు వరండాలో పడుకునేవాళ్లం. ఎవరో ఇద్దరు గంజి కాచి తెచ్చి పోశారు, ఆడమనిషీ మగమనిషీ. ఏ సంఘమో ఇప్పటికీ తెలీదు. గిన్నె మీద మూతకి ఏమీ లేక ఒక కాగితం వేసి ఇచ్చారు. నాన్న రెండో తరగతి దాకా చదివాడు, కూడబలుక్కుని ఆ రాత్రంతా చదివాడు. ప్రయాసపడి భారం మోసేవాళ్లు నా దగ్గరికి రండి అన్న మాట ఉంది దాని మీద. వారం తర్వాత నడుచుకుంటూ వెళ్లి ఒక చర్చి బయట కూర్చున్నాడు, లోపలికి రమ్మనేదాకా. మళ్లీ తాగలేదు. 2011లో పోయాడు. ఆ కాగితం నూనె మరకతో మా బైబిల్లో ఉంది. గంజి ఒక్కటే ఇచ్చి ఉంటే ఆ పూట బతికేవాళ్లం. అందుకని కరపత్రం తీసేయండి అని ఎవరన్నా అంటే నాకు మా నాన్న చేతిలోంచి లాక్కుంటున్నట్టు ఉంటుంది.

కొబ్బరితోట:
ఆ తుఫాను మాకూ గుర్తే అన్నయ్యా. మా నాన్న తోటలో ఒక్క చెట్టు మిగల్లేదు.

పేటమ్మాయి:
అన్నయ్యా, చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఒకటి అడుగుతాను, తప్పుగా తీసుకోకండి. ఆ ఇద్దరూ మీ నాన్నగారి పేరు అడిగారా?

నాటుపడవ:
లేదు. ఎవరి పేరూ అడగలేదు. గిన్నెలు ఇక్కడే ఉంచండి, పొద్దున్న వచ్చి తీసుకుంటాం అన్నారు. పొద్దున్న మళ్లీ గంజి తెచ్చారు.

పేటమ్మాయి:
ప్రార్థన చేసేదాకా నిలబెట్టారా?

నాటుపడవ:
లేదమ్మా. వాళ్లు చేసుకునే ఉంటారు.

పేటమ్మాయి:
నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

నాటుపడవ:
కానీ కాగితం ఇచ్చారు కదా. నేను చెప్పేదీ అదే.

పేటమ్మాయి:
మూత లేక ఇచ్చారన్నారు మీరే.

నాటుపడవ:
మూతకి పాత పేపరు వెయ్యొచ్చుగా? అది ఎందుకు వేశారు?

పేటమ్మాయి:
ఏమో. దీనికి నా దగ్గర జవాబు లేదు, మీ నాన్నగారి విషయంలో నేను వాదించను. మా వీధి ఆవిడ విషయంలో మాత్రం తగ్గను.

రాజోలు కాలవగట్టు:
నిన్న మళ్లీ కూర్చున్నాం. ఈ రాతలన్నీ అయ్యగారికి చదివి వినిపించాను. నోటుపుస్తకం, ఫొటోలు ఉండవు, ఇది తేలింది. ప్రార్థన పడవ ఎక్కేముందు రేవులో చేసుకుంటాం, నీళ్లలో ఎవర్నీ నిలబెట్టం, ఇదీ తేలింది (40 నిమిషాల సంగతి విని అయ్యగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత పావుగంట అయి ఉంటుందన్నారు). కరపత్రం దగ్గర ఆగిపోయాం. అడిగినవాళ్లకి ఇద్దామని ఒకరు, అడగడానికి ఉందని వాళ్లకెలా తెలుస్తుందని ఇంకొకరు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ మీటింగు. టార్పాలిన్లు పాలకొల్లులో చవకా, అమలాపురంలోనా?

కొబ్బరితోట:
పాలకొల్లు. పడవ కావాలంటే చెప్పండి, మా బావమరిదిది ఉంది, డీజిల్ ఒక్కటే మీరు పోయించుకోండి.

పూతరేకు:
బియ్యం?