"ధినోతి నః": రీబూట్ సినిమాకు ప్రతినాయకుడు, దండి శ్లోకంలో ఒక అక్షరం

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. సూపర్ హీరో సినిమాల పరంపరను మళ్ళీ మొదటి నుంచి ఆరంభించేటప్పుడు, అంటే రీబూట్ చేసేటప్పుడు, ఏ ప్రతినాయకుణ్ణి ఎంచుకోవాలన్న విషయం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. బ్యాట్‌మన్ తల్లిదండ్రులు ఎలా పోయారో, స్పైడర్‌మన్‌ను ఏది కుట్టిందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. అంత తెలిసిన హీరోలో ఇంతవరకు చూడని గుణాన్ని బయటికి తేగలిగినవాడు ప్రతినాయకుడు ఒక్కడే అని నా నమ్మకం. ఈ మాట రాస్తుండగా సంస్కృత అలంకారికుడు దండి రాసిన కావ్యాదర్శంలోని శ్లోకం ఒకటి నోట ఆడుతూ పూర్తిగా అందడం లేదు. శత్రువు వంశాన్ని, వీర్యాన్ని (పరాక్రమాన్ని), శ్రుతాన్ని (విద్యను) కూడా వర్ణించి, అటువంటివాణ్ణి గెలిచాడని చెప్పి నాయకుడి ఉత్కర్షను చాటడం అన్నది దాని భావం. చివర "…నోతి నః" అని ముగుస్తుంది. అది "ధినోతి"యా, "ధునోతి"యా? మొదటిదైతే మనకు ప్రీతి కలిగిస్తుందని అర్థం, రెండోదైతే మనల్ని కంపింపజేస్తుందని అర్థం. ఈ రెండింటిలో ఏది అన్నదాన్ని బట్టి నా వ్యాసం నడక మారుతుంది కనుక పెద్దలు చెప్పగలరు.

తెనాలి సభ్యులు

శ్లోకం ఇది, ప్రథమ పరిచ్ఛేదంలోనిది: "వంశవీర్యశ్రుతాదీని వర్ణయిత్వా రిపోరపి, తజ్జయాన్నాయకోత్కర్షకథనం చ ధినోతి నః." "కథనం" ఉన్నచోట "వర్ణనం" అన్న పాఠమూ ఉంది, దానితో మనకు పేచీ లేదు. "ధినోతి"యే సరైన పాఠం. ప్రీణనార్థకమైన, అంటే ప్రీతి కలిగించడమనే అర్థం గల, ధివి ధాతువుకు "ధిన్వికృణ్వ్యోర చ" అన్న పాణిని సూత్రం వల్ల ఆ రూపం సిద్ధిస్తుంది. కంపనార్థంలో "ధూనోతి", "ధునోతి" అని రెండు రూపాలూ కనబడతాయి. వాటిలో దీర్ఘం ఉన్నది ఇక్కడ పొసగదు, అనుష్టుప్పులో అయిదో అక్షరం లఘువు కావాలి. హ్రస్వం ఉన్న "ధునోతి"ని మాత్రం ఛందస్సు అడ్డుకోలేదు, అర్థమే అడ్డుకుంటుంది. దీనికి ముందు శ్లోకంలో దండి మొదట నాయకుణ్ణి గుణాలతో నిలిపి, అతని చేత శత్రువులను నిరాకరింపజేయడం, అంటే ఓడింపజేయడం, "ప్రకృతిసుందరః" అన్నాడు. సుందరమైన మార్గాన్ని చెప్పిన వెంటనే రెండో మార్గం మనల్ని గడగడలాడిస్తుందని చెప్పడు గదా. అయినా ఈ శ్లోకంలో అసలు చిక్కు "ధి" దగ్గర లేదు, "చ" దగ్గర ఉంది. "ఇది కూడా ప్రీతినిస్తుంది" అన్నప్పుడు ఆయన రెండో మార్గాన్ని మొదటిదానితో సమానంగా నిలబెట్టాడా, లేక ఒప్పుకోలుగా ఒక మెట్టు కింద పెట్టాడా అన్నది తేలాలి.

వరంగల్లు సభ్యులు

తెనాలి మిత్రులు "చ"కారం దగ్గర ఆగారు గాని, నా దృష్టిలో బరువంతా "రిపోరపి" అన్నచోటి "అపి" మీద ఉంది. "శత్రువుకు సైతం" అని చదివితే అది కవి ఔదార్యం మాత్రమే అవుతుంది. "నాయకుడికి చేసినట్టే శత్రువుకు కూడా" అని చదివితే ఇద్దరినీ ఒకే కొలతతో కొలవాలన్న విధి అవుతుంది. నేను రెండో పక్షం. మా పోతన దాన్ని ఒక కందంలో చేసి చూపించాడు. ఎవరి బలం చూసుకుని ఎదురాడుతున్నావని తండ్రి గద్దించినప్పుడు ప్రహ్లాదుడు "బలయుతులకు దుర్బలులకు, బలమెవ్వఁడు నీకు నాకు బ్రహ్మాదులకున్" అంటాడు. అక్కడ "నాకు" అని ఊరుకుంటే భక్తుడి మాట అయ్యేది. "నీకు నాకు" అని పక్కపక్కన పెట్టడంతో హిరణ్యకశిపుడి బలానికీ ప్రహ్లాదుడి బలానికీ మూలం ఒకటే అయింది. రీబూట్‌లో విలన్‌ను ఎంచుకునేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: వీరిద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? 2013లో వచ్చిన సూపర్‌మన్ రీబూట్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్' జనరల్ జాడ్‌ను తెచ్చింది అందుకే. ఇద్దరిదీ క్రిప్టాన్ వంశం, మన సూర్యుడి వెలుగులో ఇద్దరికీ ఒకే వీర్యం. తేడా ఎక్కడుందంటే జాడ్ పుట్టకముందే అతని జాతి అతన్ని సైనికుడిగా నిర్ణయించింది, క్లార్క్, అంటే సూపర్‌మన్, మాత్రం ఎవరూ ఏదీ నిర్ణయించకుండా సహజంగా పుట్టి కాన్సాస్‌లో రైతు దంపతుల చేతుల్లో పెరిగాడు. ఉమ్మడి భాగం అంత పెద్దది కాబట్టే ఆ చిన్న తేడా కళ్ళకు కడుతుంది.

హైదరాబాదు సభ్యులు

వ్యాకరణం "ధినోతి" అంటే ఒప్పుకుంటాను. కాని లేఖకుడెవరో "ధునోతి" అని రాసి ఉంటే ఆ రాతలోనూ ఒక సత్యం ఉందని నా వాదన. 2008 నాటి 'ది డార్క్ నైట్'లో జోకర్‌కు వంశం లేదు. తన నోటి పక్క మచ్చలు ఎలా వచ్చాయో ఒకసారి తండ్రి పేరు చెప్పి, మరోసారి భార్య పేరు చెప్పి రెండు కథలు వినిపిస్తాడు. శ్రుతం ఏమిటో తెలియదు, పోలీసులకు అతని అసలు పేరు కూడా దొరకదు. దండి చెప్పిన మూడూ తీసేసినా అతన్ని మించిన ప్రతినాయకుడు ఈ సినిమాల్లో లేడని నేననుకుంటాను. ఆ పాత్ర వేసిన హీత్ లెడ్జర్‌కు మరణానంతరం ఆస్కార్ వచ్చిందంటే ఆ పాత్ర మనల్ని కంపింపజేసినందుకే. కనుక వర్ణించడం ఒక్కటే మార్గం అనడం సాహిత్యానికి చెల్లుతుందేమో గాని సినిమాకు చెల్లదు.

ప్రశ్న అడిగినవారు

హైదరాబాదు మిత్రుల వాదన బలమైనదే గాని, ఆ జోకర్ రీబూట్ మొదటి సినిమాలోని ప్రతినాయకుడు కాడన్న సంగతి మరువరాదు. 1997 నాటి 'బ్యాట్‌మన్ అండ్ రాబిన్'తో ఆ పరంపర పరువు పోగొట్టుకున్నాక క్రిస్టొఫర్ నోలన్ 2005లో 'బ్యాట్‌మన్ బిగిన్స్' తీశారు. అందరూ ఎరిగిన జోకర్‌ను పక్కన పెట్టి, అప్పటివరకు బ్యాట్‌మన్ సినిమాల్లో కనిపించని రాస్ అల్ గూల్‌ను, స్కేర్‌క్రోను తీసుకున్నారు. రాస్ అల్ గూల్ డుకార్డ్ అన్న పేరుతో బ్రూస్ వేన్‌కు గురువవుతాడు. గడ్డకట్టిన సరస్సు మీద కత్తి పట్టించి, భయాన్ని ఆయుధంగా మార్చుకోవడం నేర్పుతాడు. శిక్షణ ముగిసిన రాత్రి ఒక హంతకుణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, వీడి తల నరకమంటారు. బ్రూస్ నరకనంటాడు. బ్యాట్‌మన్ చంపడన్న నియమం మనకు అంతకుముందు ఒక సమాచారంగా మాత్రమే తెలుసు, గురువు చేతిలోని కత్తిని కాదన్న ఆ క్షణంలోనే అది అతని గుణంగా నిలబడింది. శత్రువు శ్రుతమే నాయకుడి శ్రుతం కావడం దీనికి కారణం. ఇక జోకర్ ఆ సినిమా చివర ఒక పేకముక్కగా మాత్రమే వస్తాడు. మేడ మీద పోలీసు అధికారి గోర్డన్ ఇచ్చిన ప్లాస్టిక్ సంచిని బ్యాట్‌మన్ తిప్పి చూస్తే అందులో జోకర్ బొమ్మ ఉంటుంది. హీరో ఎవరో స్థిరపడకముందే అతన్ని కుదిపే ప్రతినాయకుణ్ణి తెస్తే, ఏది కదిలిందో ప్రేక్షకుడికి తెలియదు. కాబట్టి మీ "ధునోతి" రెండో సినిమాకు చెందినది, మొదటి సినిమాకు "ధినోతి"యే కావాలి.

కడప సభ్యులు

పోతన గురించి "మా పోతన" అని వరంగల్లు వారు అనగలరు. ఒంటిమిట్ట వాళ్ళం మేమూ ఆ మాట వదులుకోము, ఆ తగవు ఇక్కడ పెంచను. వారు ఎత్తిన కందం కంటె ఈ చర్చకు దగ్గరగా ఉన్న పద్యం అదే ఘట్టంలో ఉంది: "లోకములన్నియుం గడియలోన జయించినవాఁడ వింద్రియానీకముఁ జిత్తముం గెలువనేరవు." దండి అనుష్టుప్పులో చెప్పిన సూత్రాన్ని పోతన ఒక ఉత్పలమాల ఎత్తుగడలోనే పూర్తిచేశాడు. శత్రువు వీర్యాన్ని నాయకుడి నోటనే, కొంచెమైనా తగ్గించకుండా ఒప్పించి, "గెలువనేరవు" అన్న ఒక్క మాటతో లోపం ఎక్కడుందో చూపించాడు. హిరణ్యకశిపుణ్ణి ముందే పిరికివాడిగా చిత్రించి ఉంటే ఈ పద్యానికి పని ఉండేది కాదు.

ఇంకొక సంగతి. భాగవతం సప్తమస్కంధం ఆరంభంలోనే నారదుడు ధర్మరాజుకు జయవిజయుల కథ చెబుతాడు. వాళ్ళు మూడు జన్మల్లో హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టి హరికి శత్రువులవుతారు. ప్రతి అవతారానికీ ప్రతినాయకుడు వాడే, అయినా వాడు కాడు. నేను చాలాకాలంగా అనుకుంటున్నదేమిటంటే, దండి చెప్పిన మూడు మాటలు ఈ మూడు జన్మలకు సరిపోతాయి. హిరణ్యకశిపుడిలో ప్రధానం వీర్యం, రావణుడిలో శ్రుతం, శిశుపాలుడిలో వంశం. శిశుపాలుడు కృష్ణుడికి స్వయానా మేనత్త కొడుకు. అందుకే అక్కడ కథ యుద్ధభూమిలో నడవక నిండు సభలో తిట్లతో నడుస్తుంది, నూరు తప్పుల వరకు ఓర్చుకున్న కృష్ణుడి సహనం ఆ చుట్టరికం వల్లనే బయటపడుతుంది. రీబూట్ తీసేవారు కొత్త విలన్ కోసం వెతకడమే ధర్మమని ప్రశ్న అడిగినవారి మాటల్లో ధ్వనిస్తోంది. పాతవాణ్ణే తెచ్చి, ఈసారి వాడిలో ప్రధానమైనది ఏదో మార్చినా చాలునని భాగవతం చెబుతోంది.

తెనాలి సభ్యులు

జయవిజయుల మీద కడప వారి ఊహ అందంగా ఉంది గాని, దండి దాన్ని మనసులో పెట్టుకుని ఆ మూడు మాటలు కూర్చాడనడానికి ఆధారం లేదు. రావణుడిలో మూడూ ఉన్నాయి. బ్రహ్మ మనుమడైన విశ్రవసువు కొడుక్కి వంశం తక్కువా?

కడప సభ్యులు

దండి మనసులో ఉందని నేననలేదు, ఆ మూడు మాటలతో కొలిచి చూస్తే అలా సరిపోతుందని అన్నాను. రావణుడికి వంశం లేదనీ అనలేదు, ప్రధానం ఏదో చెప్పాను.

వరంగల్లు సభ్యులు

పాతవాణ్ణి తేవచ్చన్నది నిజమే గాని, తెచ్చేటప్పుడు "అపి"ని మరిచిపోతే ఏమవుతుందో ఫెంటాస్టిక్ ఫోర్ చరిత్ర చెబుతుంది. కామిక్స్‌లోని డాక్టర్ డూమ్ లాట్వేరియా అనే దేశానికి రాజు. విజ్ఞానశాస్త్రంలో ఆ నలుగురు హీరోల నాయకుడు రీడ్ రిచర్డ్స్‌కు సాటి రాగలవాడు, పైగా మంత్రవిద్య తెలిసినవాడు. వంశవీర్యశ్రుతాలకు ఉదాహరణగా చూపదగిన పాత్ర అది. 2005 సినిమాలో అతన్ని ఒక వ్యాపార సంస్థ అధిపతిని చేసి, హీరోలతో పాటు అంతరిక్షానికి పంపి, వాళ్ళకు శక్తినిచ్చిన తుఫానుతోనే అతనికీ శక్తినిచ్చారు. ఉమ్మడిగా ఒక మూలం దొరికిన మాట నిజం. కాని రాజ్యం పోయింది, మంత్రవిద్య పోయింది, మిగిలింది అసూయ. 2015 రీబూట్‌లో మళ్ళీ డూమే వచ్చాడు, మళ్ళీ రాజు కాలేదు. అందుచేత రిచర్డ్స్ అతన్ని గెలిచినా రిచర్డ్స్ ఎత్తు ఎంతో మనకు తెలియలేదు. 2025 సినిమాకు గెలాక్టస్‌ను ఎంచుకుని డూమ్‌ను ప్రధాన ప్రతినాయకుడిగా పెట్టకపోవడం మంచి నిర్ణయం అని నేనంటాను.

డాలస్ సభ్యులు

పెద్దలు "ధి" మీద, "చ" మీద, "అపి" మీద మాట్లాడారు. "శ్రుతాదీని" అన్నచోటి "ఆది"ని ఎవరూ పట్టించుకోలేదు. వంశం, వీర్యం, శ్రుతం "మొదలైనవి" అన్నాడు దండి. ఆ "మొదలైనవి"లో ఏమున్నాయన్నదే ఈనాటి కథకుడు తేల్చుకోవలసినది. 2017 నాటి 'స్పైడర్‌మన్: హోమ్‌కమింగ్'లోని వల్చర్, అంటే ఏడ్రియన్ టూమ్స్, శిథిలాలు ఎత్తించే కాంట్రాక్టరు. న్యూయార్క్ మీద దాడి జరిగాక దొరికిన ఆ పనిని ప్రభుత్వం మధ్యలో లాగేసుకుంటుంది, ఆ కొత్త ఏర్పాటులో టోనీ స్టార్క్‌కు, అంటే ఐరన్ మ్యాన్‌కు, భాగం ఉంటుంది. టూమ్స్‌కు గొప్ప వంశం లేదు, పాండిత్యం లేదు, ఒంట్లో ఏ అద్భుతశక్తీ లేదు. అతనికి ఉన్నవి జీతాలివ్వవలసిన పనివాళ్ళు, పోషించవలసిన కుటుంబం.

అతన్ని ప్రతినాయకుడిగా నిలబెట్టింది ఏ యుద్ధమూ కాదు, కారులో నడిచే ఒక సన్నివేశం. పీటర్, అంటే స్పైడర్‌మన్, తన స్నేహితురాలిని స్కూలు డాన్సుకు తీసుకువెళ్ళడానికి ఇంటికి వెళితే తలుపు తీసేది టూమ్స్. ఆ అమ్మాయి తండ్రి అతనే. ఇద్దరినీ కారులో దింపడానికి బయలుదేరి, కూతురు మామూలుగా కబుర్లు చెబుతుంటే, ఈ అబ్బాయి ఎప్పుడెప్పుడు మాయమయ్యాడో అద్దంలో చూస్తూ ఒక్కొక్కటే జతచేసుకుంటాడు. సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంటుంది. విషయం అతనికి అర్థమైన సమయానికి లైటు మారి ఆకుపచ్చ వెలుగు అతని ముఖం మీద పడుతుంది. వెనకనుంచి హారన్లు మోగుతున్నా కారు కదలదు. పదిహేనేళ్ళ కుర్రవాడికి భయం వేసేది రెక్కల యంత్రాన్ని చూసి కాదు, స్నేహితురాలి తండ్రిని చూసి. 2002 నుంచి తెర మీద ఉన్న స్పైడర్‌మన్‌లో మనం మరిచిపోయిన పసితనాన్ని ఆ ఒక్క సన్నివేశం బయటికి తెచ్చింది. కనుక నా మతంలో వంశవీర్యశ్రుతాల కన్న "ఆది" గొప్పది.

హైదరాబాదు సభ్యులు

డాలస్ మిత్రులు చెప్పిన సన్నివేశం నా పక్షానికే సాక్ష్యం. కారు కదలని ఆ కొన్ని క్షణాల్లో చూసేవాడికి కలిగేది ప్రీతియా, కంపమా?

తెనాలి సభ్యులు

కంపమే, కాని అది పీటర్‌కు. దండి అన్నది "నః", అంటే మనకు. పాత్రకు కంపం కలిగితే సహృదయుడికి ప్రీతి కలగడంలో వైరుధ్యం లేదు, భయానకాన్ని రసాల్లో లెక్కపెట్టినవాళ్ళకు అది కొత్త మాట కాదు.

"ఆది" మీద ఒక అభ్యంతరం చెబుతాను. దశరూపకమనే నాటకలక్షణ గ్రంథంలో ధనంజయుడు ప్రతినాయకుణ్ణి "లుబ్ధో ధీరోద్ధతః స్తబ్ధః పాపకృద్వ్యసనీ రిపుః" అని లక్షించాడు. అవన్నీ దోషాలు. దండి చెప్పినవి గుణాలు. "ఆది"లో మనకు నచ్చినవన్నీ చేర్చుకుంటూ పోతే చివరికి లోభం, వ్యసనం కూడా అందులో చేరతాయి, అప్పుడు శ్లోకం తల్లకిందులవుతుంది. "ఆది" అన్నప్పుడు ముందు చెప్పినవాటి జాతివే రావాలి. టూమ్స్ కుటుంబ బాధ్యత గుణమే కనుక దాన్ని రానిస్తాను, దొంగ ఆయుధాల వ్యాపారాన్ని రానివ్వను.

ఇక నా "చ" ఎవరికీ పట్టలేదు. మరో అలంకారికుడు భామహుడు, నాయకుడిగా ముందు వంశవీర్యశ్రుతాలతో నిలిపినవాణ్ణి మరొకరి గొప్ప చెప్పడానికి చంపరాదన్నాడు. అవే మూడు మాటలు, అదే సమాసం. దండి ఆయనకు జవాబు చెబుతున్నాడా, ఆయనే దండికి చెబుతున్నాడా అన్న పూర్వాపరాల వివాదం పండితుల్లో ఉన్నదే. జవాబు చెబుతున్నాడనుకుంటే "చ"లో పట్టుదల వినబడుతుంది, కాదనుకుంటే అది ఒట్టి సముచ్చయం, "ఇది కూడా" అని చేర్చి చెప్పడం మాత్రమే. ప్రశ్న అడిగినవారి వ్యాసానికి ఇది అవసరం. ప్రతినాయకుణ్ణి ముందు నిలిపే మార్గం రీబూట్‌కు తప్పనిసరి అని వారు రాయదలిస్తే "చ"ను పట్టుదలగా చదవక తప్పదు.

వరంగల్లు సభ్యులు

"అపి"ని సమానార్థంలో తీసుకుంటే "చ" కూడా దాని వెంటే సమానమవుతుంది. వేరే వాదం అక్కరలేదు.

తెనాలి సభ్యులు

"అపి" అన్వయించేది "రిపోః" అన్న పదంతో, "చ" అన్వయించేది "కథనం" అన్న పదంతో. ఒకటి మరొకదాని వెంట ఎందుకు పోవాలో దయచేసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

వ్యాసంలో "ధినోతి" అనే వేస్తున్నాను. "చ" సంగతి తేలేవరకు "తప్పనిసరి" అన్న మాట తీసి, "రీబూట్ మొదటి సినిమాకు మరింత అనువైనది" అని రాస్తాను. డాలస్ మిత్రులు అనుమతిస్తే కారు సన్నివేశం వారి మాటల్లోనే చేరుస్తాను.