భోగాపురం వైపు స్థలం: ఏ ఏజెన్సీ మాటకు విలువ ఇవ్వాలి?

ప్రశ్న: విజయనగరంలో ఉంటున్న మేము భోగాపురం వైపు 200 గజాల స్థలం కొనాలనుకుంటున్నాము. ఒక ఏజెన్సీ వారు తమ దగ్గర ఎందరో డాక్టర్లు కొన్నారని చెబుతున్నారు. రెండవవారేమో విమానాశ్రయం వల్ల ధర రెట్టింపవుతుందనీ, ఆదివారంలోగా టోకెన్ అడ్వాన్సు ఇవ్వకపోతే ప్లాటు చేజారుతుందనీ తొందరపెడుతున్నారు. ఏ వాదనలో బలముందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: రెండింటిలోనూ లేదండీ. డాక్టర్లు కొన్నారన్నది వారి స్తోమతకు రుజువే గాని ఆ స్థలం టైటిలుకు (యాజమాన్య హక్కుకు) కాదు. విమానాశ్రయం వల్ల ధర పెరిగేదే అయితే ఆ లాభం అక్కడ ఎవరి ద్వారా కొన్నా వస్తుంది కనుక, అది ఆ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం కావచ్చునేమో గాని ఆ ఏజెన్సీని ఎంచుకోవడానికి కాదు. పైగా పెరగబోయే ధరను ఇప్పటి గజం రేటులోనే కలిపేసి ఉండవచ్చు. ఆదివారం గడువు సంగతి సరేసరి!

జవాబు 2: 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం, నమోదు కావలసిన లేఅవుటులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా నమోదై ఉండాలి. ఆ నంబరు అడగండి. అయితే నమోదు ఉన్నంత మాత్రాన టైటిలు శుభ్రంగా ఉన్నట్టు కాదు. సర్వే నంబరు తీసుకుని ఈసీ (ఆ స్థలంపై నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (స్థలం ఇదివరకు చేతులు మారిన దస్తావేజులు), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషను చేయకూడని భూముల పట్టిక) మీరే చూసుకోవాలి.

ప్రశ్న వేసినవారు: ఇద్దరినీ అడిగాను. మొదటివారు సర్వే నంబరుతో పాటు లింకు డాక్యుమెంట్ల నకళ్లు వాట్సాప్‌లో పంపారు. రెండవవారు ముందు టోకెన్ కట్టమన్నారు. ఆ నకళ్లను మా వకీలుగారికి ఇస్తున్నాను.