"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా": బరువంతా ఏ మాట మీద ఉంది?

ఈ సామెతకి "పెద్దవాళ్ళతో పెట్టుకోకు" అని అర్థం చెబుతుంటారు. వాడుకలో అదే అర్థం, కాదనను. కానీ "తలచుకుంటే" దగ్గర ఒక్క క్షణం ఆగండి. "నేరం చేస్తే" అనలేదు, "తప్పు రుజువైతే" అనలేదు. రాజు మనసులో అనుకుంటే చాలు, దెబ్బ పడుతుంది. తలపుకీ దెబ్బకీ నడుమ "ఎందుకు?" అని అడిగేవాడే లేడు. చివరి "కొదవా" కూడా పేరుకే ప్రశ్న, జవాబు కోసం అడిగింది కాదు.

ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలన్న వాదన నా దృష్టిలో ఆ నడుమ చోటు గురించే. 1215లో ఇంగ్లండు రాజు జాన్ మెడలు వంచి ఒప్పించిన మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో 39వ నిబంధన, చట్టబద్ధమైన తీర్పు లేకుండా స్వతంత్రుడైన ఏ మనిషినీ చెరలో పెట్టకూడదంటుంది. అప్పట్లో అది అందరికీ వర్తించలేదు. అయినా రాజు తలచుకున్నంత మాత్రాన చాలదని రాజు చేతే ఒప్పించడం చిన్న సంగతా?

అలాంటి అడ్డు ఎంత తేలిగ్గా తొలగిపోతుందో మన ఎమర్జెన్సీ చూపించింది. విచారణ లేకుండా నిర్బంధించిన వాళ్ళకి కోర్టుకెళ్ళే హక్కు ఉందా అన్న కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. పోలీసు ఒకడు పగబట్టి మనిషిని చంపేస్తే అప్పుడైనా కోర్టుకు రావచ్చా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదని ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. సామెతని నిండు కోర్టులో చదివినట్టే ఉంటుంది నాకు. 1976లో అయిదుగురు జడ్జీల్లో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు, ఖన్నా ఒక్కరే కాదన్నారు. ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న రక్షణను ఎమర్జెన్సీలో సైతం పక్కన పెట్టకూడదని 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చారు. 2017లో సుప్రీంకోర్టే ఆ పాత తీర్పును కొట్టేసింది. అన్నేళ్ళు పట్టడం నాకు ఇప్పటికీ బాధే.

"గట్టి ప్రభుత్వం లేకపోతే పనులు కావు" అన్నవారికి ఒక మాట. నిజమే, కావు. మశూచి పోయిందని 1980లో ప్రకటించగలిగారంటే, దాని వెనక ప్రభుత్వాలు ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వెతికి టీకాలు వేయించడం ఉంది. ఆ శక్తి తగ్గాలని నేను కోరను. అయితే టీకా కోసం తలుపు తట్టినా, మనిషిని పట్టుకుపోవడానికి తట్టినా, "ఏ చట్టం ప్రకారం?" అని లోపలివాడు అడగగలగాలి. తట్టినవాడు జవాబు చెప్పి తీరాలి. అంత జవాబుదారీతనం ఉంటే ప్రభుత్వం ఎంత పెద్దదైనా నాకు అభ్యంతరం లేదు.